సముద్రం సేటు ఇంట్లో ఆరని లైట్లు

బుధవారం పొద్దున ఆరున్నర.

పెర్కిట్ రోడ్డు మీద పసుపు వ్యాపారి భూమేశ్వర్ బంగళా. డ్రైవర్ లింగం గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. పుట్టింటికి పోయిన సేటు భార్యను భీమ్‌గల్ నుంచి తీసుకురావాలి. కారు తాళాల కోసం హాల్లోకి అడుగు పెట్టాడు.

పెట్టిన అడుగు వెనక్కి తీసుకోలేకపోయాడు.

హాలంతా నీలం వెలుగు. గోడ పొడుగునా అయిదడుగుల గాజు తొట్టి. దాని ముందు భూమేశ్వర్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. నెత్తురు గడ్డకట్టింది. పక్కనే తొట్టి కడిగే ఇనుప పైపు.

తొట్టిలో చారల చేపలు మామూలుగానే తిరుగుతున్నాయి.

లింగం పెట్టిన కేక బస్టాండు దాకా వినిపించిందని తరవాత జనం చెప్పుకున్నారు. జనం మాటల్లో సగం తీసేసి వినాలి. కాని కేక పెట్టిన మాట నిజం.

అది 1996 మార్చి. పసుపు సీజన్.

ఆర్మూరుకూ సముద్రానికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ చుట్టరికం కలిపినవాడు భూమేశ్వర్. వ్యాపారం పని మీద దుబాయి పోయి, అక్కడ ఒక హోటల్లో పగడాల తొట్టి చూసి మనసు పారేసుకున్నాడు. ఆ తొట్టి చూసుకునే మనిషి ఎవరని ఆరా తీస్తే, ఆర్మూరు పక్కనే ఉన్న ముప్కాల్ వాడు గంగాకిషన్ అని తేలింది! ఇంకేం, తొట్టి ముచ్చటతో పాటు మనిషినీ తెచ్చుకున్నాడు. ఉప్పు బస్తాలు బొంబాయి నుంచి వచ్చాయి. పగడాలు థర్మోకోల్ డబ్బాల్లో రైలెక్కి వచ్చాయి. ఊరు ఆయనకు సముద్రం సేటు అని పేరు పెట్టింది.

సేటుకూ గంగాకిషన్‌కూ ఒకే ఒక్క విషయంలో పడదు. లైటు.

తొట్టి మీద నాలుగు ట్యూబులైట్లు. రెండు తెల్లవి, రెండు నీలంవి. పొద్దున పదకొండింటికి వేసి రాత్రి ఎనిమిదింటికి ఆర్పాలి. రోజుకు తొమ్మిది గంటలు. అది గంగాకిషన్ చట్టం. సేటు ఇంటికి చుట్టాలూ స్నేహితులూ వచ్చేది మాత్రం ఎనిమిది తరవాతే. మొన్న ఆదివారం నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్ళ ముందు సేటు లైటు వేశాడు. గంగాకిషన్ ఆర్పేశాడు. సేటు మళ్ళీ వేశాడు. వాడు మళ్ళీ ఆర్పాడు.

"నా ఇంట్ల నా లైటుకు నీ పర్మిషనా?" అని సేటు అరిచాడు.

"నీకు సోకు సేటూ, గాటికి పానం!" అని గంగాకిషన్ అంతకన్నా గట్టిగా అరిచాడు.

కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సైకి ఈ కథ అరగంటలో చేరింది. మధ్యాహ్నానికి గంగాకిషన్ లాకప్‌లో ఉన్నాడు. వాడి ఇంట్లో దొరికిన తువాలు పోలీసుల దగ్గర ఉంది. దాని మీద ఎర్రటి మరకలు.

శవాన్ని పోస్ట్‌మార్టానికి పంపి, హాలుకు కాపలా పెట్టి, ఫొటోగ్రాఫర్ వచ్చేదాకా చీపురుపుల్ల కూడా కదపకూడదని ఎస్సై ఆర్డర్ వేశాడు. కానిస్టేబుల్ ఆ ఆర్డర్ తు.చ. తప్పకుండా పాటించాడు. లైట్లు కూడా ఆర్పలేదు.

*

గురువారం పొద్దున తొమ్మిదింటికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవరాజు స్టేషన్ ముందు జీపు దిగాడు. రెండు రోజులు నిజామాబాద్‌లో బందోబస్తు. కంటి మీద కునుకు లేదు. మామూలుగానే కోపిష్ఠి మనిషి. నిద్ర లేకపోతే ఇక చెప్పనక్కర్లేదు.

మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా.

"ఎవరమ్మా నువ్వు?"

"గంగాకిషన్ పెండ్లాన్ని సారూ. రత్నవ్వ."

"ఎప్పటికెల్లి కూసున్నవ్?"

"నిన్న పొద్దుమూకినప్పటికెల్లి. బువ్వ తెచ్చిన. లోపటికి పోనిస్తలేరు."

"మంగళారం రాత్రి నీ పెనిమిటి ఇంటికెప్పుడొచ్చిండు?"

"ఇంటికి రాలే సారూ. కల్లం కాడికి పోయిండు. పసుపు ఉడకబెట్టి ఆరవోసినం. కావలి పండుకుండు."

"ఎవరన్న చూసిండ్రా?"

"ఎవ్వలు చూస్తరు సారూ?"

రత్నవ్వ తల దించుకుంది. వెంటనే ఎత్తింది.

"గాయినకు కోపముంటది. లేదంటె అబద్ధమైతది. నా మీద గూడ లేస్తడు. గని చెయ్యెత్తడు. తొమ్మిదేండ్లు దుబాయిల ఉండి వచ్చిండు సారూ. వచ్చి రెండేండ్లు నిండలే. మళ్ళ తీస్కపోతరా?"

దేవరాజు తలుపు వైపు తిరిగాడు. హెడ్ కానిస్టేబుల్ పెద్దులు మీద అరిచాడు.

"ఆ బువ్వ లోపటికి పంపియ్యి! బువ్వ మీద గూడ కేసు పెట్టినమా?"

ఎస్సై సెల్యూట్ కొట్టాడు. మొహంలో పాసైన పిల్లాడి వెలుగు.

"ఓపెన్ అండ్ షట్ కేసు సార్. మోటివ్ ఉంది. ఆదివారం అందరి ముందు గొడవ. ఆయుధం ఉంది. వాడు రోజూ వాడే పైపు. తువాలు మీద రక్తం ఉంది. ఎలిబీ లేదు."

"చనిపోయిన టైము?"

"రాత్రి ఎనిమిదికీ పదకొండుకీ మధ్య అన్నారు డాక్టర్ గారు. సేటు పార్ట్‌నర్ భోజన్న ఏడున్నరకు ఇంటికి వెళ్ళి, వీళ్ళిద్దరూ గొడవ పడుతుంటే చూశాడు."

"తువాల మీద రక్తమేనని ఎవరు చెప్పిండ్రు?"

"చూస్తే తెలుస్తోంది కదా సార్. ల్యాబ్‌కు హైదరాబాద్ పంపాలి. వారం పడుతుంది. అరెస్టు నిన్న సాయంత్రం చూపించాను. ఇవాళ అయిదింటికల్లా మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. రిమాండ్ రిపోర్ట్ రాసేశాను."

దేవరాజు లాకప్ వైపు నడిచాడు.

నలభై దాటిన మనిషి. చెంప వాచి ఉంది. రెండు చేతులూ మణికట్టు దాకా పసుపు. ఇన్‌స్పెక్టర్‌ను చూడగానే లేచి ఊచలు పట్టుకున్నాడు.

"సార్, జర లైటు బంద్ చేయించుర్రి."

"ఏ లైటు?"

"తొట్టి లైటు. నన్ను గుంజుకపోంగ చూసిన. ఎలుగుతనే ఉండె. ముట్టొద్దని ఆర్డరట. మంగళారం రాత్రికెల్లి ఎలుగుతుంది సార్!"

"నీ మీద మర్డర్ కేసు పెట్టిండ్రు. నీకు లైటు ఫికరా?"

"నేను చంపలేదని నిన్న పొద్దంత చెప్పిన. ఎవ్వలు ఇనలే. గిదన్న ఇంటరేమోనని."

దేవరాజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"లైటు ఎక్కువైతే ఏమైతది?"

"పగడం రాయి కాదు సార్, జీవి. దాని ఒంట్ల కండ్లకు కనపడని సన్నటి జీవులుంటయి. లైటు తిని గవే దానికి బువ్వ వండుతయి. తొమ్మిది గంటలు వండితె సాలు. గంతకన్న ఎక్కువ వండితె గా బువ్వనే ఇసమైతది. పగడం గాటిని కక్కుకుంటది. తెల్లగైతది. గట్లనే ఉంటె సస్తది."

"తక్కువైతే?"

"పస్తులు. పసుపు ఉడకబెట్టినట్టే సార్. తక్కువైతె పచ్చిగుంటది, ఎక్కువైతె మెత్తవడ్తది. గా హోటల్ల ఒక పెద్ద తొట్టి నా చేతుల్నే పోయింది. పండుగని రెండు రోజులు లైట్లు ఆర్పనియ్యలే. గప్పటికెల్లి ఎవ్వలు చెప్పినా ఇనను."

"మంగళారం రాత్రి ఏం జేసినవ్?"

"ఎనిమిదింటికి లైటు బంద్ జేసిన. సీస కట్టిన. కల్లం కాడికి పోయిన."

"సీస ఏంది?"

"సున్నపు తేట సార్. లైటు ఆరినంక తొట్టి నీళ్ళు పులుపెక్కుతయి. రాత్రంత సుక్క సుక్క తేట పడితె సమానమైతది. లైటు ఉన్నప్పుడు పోస్తె ఘాటెక్కి చేపలు సస్తయి. గందుకె లైటు ఆరినంకనే సీస."

"సేటు ఎట్ల ఉండె?"

"పరేషాన్ ఉండె. ఏమైంది సేటూ అంటె చెప్పలే. నువ్వు పో అన్నడు. నేను గేటు దాటిన్నో లేదో, మళ్ళ లైటు ఎలిగింది. నేను పోవుడే ఆలస్యం, ఎప్పుడు గంతె." వాడు ఊచలకు నుదురు ఆనించాడు. "ఎనుకకు పోయి లొల్లి పెట్టుకుందామనుకున్న. ఆదివారం సంగతి యాదికొచ్చి ఊకున్న. పోతె బతుకుతుండెనేమో సార్."

*

పదింటికి దేవరాజు బంగళా హాల్లో ఉన్నాడు.

పగటి వెలుగులోనూ ఆ నాలుగు లైట్లు కళ్ళు చెదరగొడుతున్నాయి. పగడాలు ఒకటి గోధుమ రంగు, ఒకటి ఆకుపచ్చ. అంచులు మాత్రం పాలిపోయాయి. స్విచ్చుబోర్డు పక్కనే ఉంది. దేవరాజు చెయ్యి దాకా పోయి ఆగింది. ఫొటోగ్రాఫర్ నిజామాబాద్ నుంచి మధ్యాహ్నం వస్తాడు. ఈలోగా సీన్‌లో ఏది మారినా రేపు కోర్టులో లాయరు చెండాడతాడు. రూలు రూలే. కాని ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆయనకు ఎందుకో తప్పు చేసినట్టు అనిపించింది.

తొట్టి స్టాండు మేకుకు గాజుసీసా వేలాడుతోంది. ఖాళీ. దాని కింద మడతపెట్టిన తెల్లగుడ్డ, చుక్కలు పడి ఎండి గట్టిపడింది. గుడ్డ మీద పసుప్పచ్చ చేతి మరక. కుర్చీ చేతుల మీద పసుప్పచ్చ. తలుపు గొళ్ళెం మీద పసుప్పచ్చ. ఫోన్ మీదా అదే. మార్చి నెలలో ఆర్మూరులో పసుపు మరక లేని వస్తువు కనిపిస్తే దాన్నే అనుమానించాలి. దేవరాజు ఒకసారి చూసి వదిలేశాడు.

లోపలి గదిలో సేటు భార్య మంగవ్వ గోడకు ఆనుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"సేటుకు ఎవరితోనన్న పడదా అమ్మా?"

"ఎవ్వరితోని లేదు సార్. లైటు లొల్లి ఒక్కటే. గంగాకిషన్‌తోని పొద్దుగాల లొల్లి, సాయంత్రం చాయ్. వాడు పోంగనే మా ఆయన లైటు ఏసేటోడు, బెల్లం దొంగతనంగ తిన్నట్టు." ఆమె ఒక్క క్షణం నవ్వబోయింది. వెంటనే మళ్ళీ ఏడ్చింది.

"ఆ సీస పగటిపూట ఏడ ఉంటది?"

"అల్మారిల. లైటు ఉన్నంతసేపు గంగాకిషన్ దాన్ని బయటికి తియ్యనియ్యడు. దాని కింది గుడ్డ గూడ రోజు ఉతికిందే ఏస్తడు. వానికి చాదస్తం ఎక్కువ."

పదకొండున్నర. మార్కెట్ యార్డు వెనక పసుపు పాలిషింగ్ మిల్లు. డ్రమ్ము గడగడ తిరుగుతోంది. లోపల పసుపు కొమ్ములు ఒకదానికొకటి రాచుకుని నిగ్గు తేలుతున్నాయి. మిల్లులో భూమేశ్వర్‌కు సగం, భోజన్నకు సగం. కొనుగోళ్ళు భూమేశ్వర్ చూస్తాడు. పాలిషింగ్ భోజన్న పని. ఆఖరున రంగు పట్టించే పొడి డ్రమ్ములో చల్లడం కూడా ఆయనే స్వయంగా చేస్తాడు, కూలీలను నమ్మడు.

భోజన్న ఇన్‌స్పెక్టర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఇరవై ఏండ్ల దోస్తానా సార్! వాన్ని ఇడువకుర్రి. ఉరెయ్యాలె."

"మీరు పోయింది ఎన్నింటికి?"

"ఏడున్నరకు."

"ఎందుకు?"

"ఊకనే. రోజు పోత."

"లోపల ఏం చూసిండ్రు?"

"లైట్లు ఎలుగుతున్నయి. మా భూమేశ్వర్ కుర్సిల కూసున్నడు. పైన సీసలకెల్లి సుక్క సుక్క తొట్ల పడుతుంది. వాడేమో లైటు బంద్ చేస్త అని మీద మీదకొస్తుండు. నేనే సముదాయించిన."

"ఎప్పుడు వచ్చేసిండ్రు?"

"ఎనిమిది కొట్టకముందే. నేను ఆడనే ఉంటె బాగుండు సార్!"

దేవరాజు బయటికి వచ్చి జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. రుమాలు పసుప్పచ్చగా అయింది.

"ఛీ, రెండ్రోజులకు తెచ్చుకున్నది ఇదొక్కటే రుమాలు," అని గొణుక్కుంటూ జీపెక్కాడు.

యార్డు గేటు దగ్గర జీపు ఆగిపోయింది. జక్రాన్‌పల్లి రైతు ఎవరో కొత్త ట్రాక్టరు కొన్నాడు. బంతిపూల దండలు వేసి గేటు ముందే నిలబెట్టాడు. ఒక ముసలామె ఇత్తడి పళ్ళెంలో ఎర్రనీళ్ళు తిప్పి ట్రాక్టరు టైర్ల ముందు పారబోసింది. రోడ్డు మీద ఎర్రగా పారింది.

"హారన్ కొట్టు!" అన్నాడు దేవరాజు చిరాగ్గా.

"దిష్టి నీళ్ళు సార్. ఒక్క నిమిషం," అన్నాడు పెద్దులు.

దేవరాజు ఆ ఎరుపు వైపే చూస్తున్నాడు.

"పెద్దులూ, ఆ నీళ్ళు ఎట్ల చేస్తరు?"

"తెల్వనట్టు అడుగుతరేంది సార్? పసుపుల సున్నం కలిపితె..."

పెద్దులు ఆగిపోయాడు. దేవరాజు అప్పటికే వెనక్కి తిరిగాడు.

"స్టేషన్‌కు పోనియ్యి! నీ తంబాకు డబ్బల సున్నం ఉన్నదా?"

"ఎప్పుడుంటది సార్."

స్టేషన్‌లో తలుపు వేసుకుని తువాలు పరిచాడు. మరకలు ఎండి గోధుమ ఎరుపుగా ఉన్నాయి. అంచున ఎరుపెక్కని పసుపు మచ్చ ఒకటి కనిపించింది. దాని మీద వేలితో సున్నం రాశాడు. చూస్తుండగానే ఎర్రబడింది.

ఆ తరవాత జేబులోంచి రుమాలు తీశాడు. దాని మీదా సున్నం రాశాడు. చాలాసేపు చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం రెండున్నర. భూమేశ్వర్ హాలు.

ఫొటోగ్రాఫర్ పని ముగించాడు. మంగవ్వ గుమ్మం దగ్గర కూర్చుంది. డ్రైవర్ లింగం గోడకు అంటుకుని నిలబడ్డాడు. భోజన్న కుర్చీలో కూర్చున్నాడు. బేడీలతో గంగాకిషన్. వాడు ఎవరినీ చూడటం లేదు, పగడాలను చూస్తున్నాడు. తలుపు అవతల రత్నవ్వ.

మధ్యలో స్టూలు మీద స్టీలు బేసిన్. అందులో తేట నీళ్ళు.

ఎస్సై గడియారం చూసుకున్నాడు. "సార్, అయిదింటికి కోర్టు..."

"మన దగ్గర టైముంది." దేవరాజు తువాలు పైకెత్తాడు. "ఈ ఎరుపు చూసి గంగాకిషన్‌ను పట్టుకున్నం. లింగం, నీ చెయ్యి ఈ నీళ్ళల్ల ముంచు."

లింగం చేతులు వెనక్కి దాచుకున్నాడు. "నేనేం జెయ్యలే సార్!"

"ముంచు."

ముంచాడు. తీశాడు. పసుపు బస్తాలు మోసిన చెయ్యి ఎర్రగా మారింది. లింగం కెవ్వుమన్నాడు.

"అరవకు. నువ్వు మంచిగనే ఉన్నవ్. అవి సున్నపు తేట నీళ్ళు. పసుపు చేతికి సున్నం తాకితే ఎర్రబడుతది. ఇది ఈ ఊర్ల చిన్నపిల్లకు గూడ ఎరుకే. గంగాకిషన్ పసుపు చేతులతోని సున్నం సీస కట్టిండు, తువాలకు తుడుచుకున్నడు. మేము దాన్ని రక్తం అనుకున్నం. ఆ సీసల ఏదో దుబాయి మందు ఉంటదనుకున్నం."

ఎస్సై మొహం మాడింది. తలుపు అవతల రత్నవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

భోజన్న లేచాడు. "రక్తం కాకపోతె కాకపాయె సార్. వాడు చంపలేదని ఎట్లంటరు? నేను కండ్లార చూసిన..."

"అదే అడుగుదామనుకున్న. ఏడున్నరకు లైటు ఎలుగుతుండెనా?"

"ఎలుగుతుండె."

"సీసలకెల్లి సుక్కలు పడుతుండెనా?"

"పడుతుండె. చెప్పిన గద!"

"గంగాకిషన్, ఏడున్నరకు సీస ఏడ ఉండె?"

"అల్మారిల సార్. లైటు ఉండంగ సీస బయటికి తియ్య."

"మంగవ్వమ్మా?"

"తియ్యడు సార్," అంది మంగవ్వ. ఆమె కళ్ళు మెల్లగా భోజన్న మీదికి తిరిగాయి.

"ఎనిమిదింటికి లైటు ఆర్పి సీస కట్టిండు. పోయిండు. వాడు పోయినంక సేటు మళ్ళ లైటు ఏసిండు. లైటు, సీస రెండు ఒక్కసారి చూడాలంటే గంగాకిషన్ ఎళ్ళిపోయినంకనే చూడాలె. మీరు చూసింది నిజమే భోజన్న సేటూ. వచ్చిన టైము అబద్ధం. వాడు ఈడ ఉన్నడన్నది అబద్ధం."

"టైము జర అటిటు అయి ఉంటది." భోజన్న నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "వచ్చినంత మాత్రాన చంపినట్టా?"

"కాదు." దేవరాజు సీసా కింది తెల్లగుడ్డ తీశాడు. "గుడ్డ మంగళారం ఉతికి ఏసింది. దాని మీద ఒక చెయ్యి పడ్డది. దెబ్బ తిన్న సేటు స్టాండు మీద పడ్డడు. సీస ఊగింది. కింద పడబోతే ఎవరైనా ఏం జేస్తరు? పట్టుకుంటరు. పట్టుకున్న చెయ్యి తడిసింది, గుడ్డకు తుడుచుకున్నడు. ఆ మరకను పొద్దున నేను చూసిన, మా వాళ్ళు చూసిండ్రు. ఎవ్వరం పట్టించుకోలే. పసుపు ఊర్ల పసుపు మరక, అంతే గద అనుకున్నం."

గుడ్డను బేసిన్‌లో ముంచి పైకెత్తాడు. నీళ్ళు కారుతున్నాయి. చేతి మరక మారలేదు. నిక్కచ్చిగా పసుప్పచ్చ.

"సున్నంల తడిసిన గుడ్డ మీద పసుపు చెయ్యి పడితే ఎర్రగ ఉండాలె. ఇది ఇంక పచ్చగనే ఉన్నది. అంటే ఇది పసుపు కాదు. రంగు."

దేవరాజు గుడ్డను స్టూలు అంచున పరిచాడు.

"భోజన్న సేటూ, చెయ్యి ముంచుర్రి."

"నేను... నేను పొద్దుగాల సబ్బు పెట్టి కడుక్కున్న."

"మంచిది. పసుపైతే ఎర్రబడుతది. లేకుంటే తెల్లగ ఉంటది. మీకేం భయం?"

లింగం చూస్తున్నాడు. మంగవ్వ చూస్తోంది. వద్దంటే ఒప్పుకున్నట్టే. ఇరవై ఏళ్ళుగా ఆ చెయ్యి చూపించి పసుపు అమ్మిన మనిషి. భోజన్న దాన్ని నీళ్ళల్లో పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

తీసేసరికి మణికట్టు దగ్గర సన్నటి ఎర్ర చార. అరచెయ్యీ వేళ్ళూ గోళ్ళూ పసుప్పచ్చగానే ఉన్నాయి.

దేవరాజు జేబులోంచి రుమాలు తీసి గుడ్డ పక్కన పరిచాడు. రెండు మరకలదీ ఒకటే రంగు. "పొద్దున మీరు నా చెయ్యి పట్టుకున్నప్పుడు అంటింది."

"మా ఆయన నీకేం జేసిండు భోజన్నా?" అంది మంగవ్వ. అరవలేదు. ఆ పోయిన గొంతుతోనే అడిగింది.

భోజన్న కుర్చీలో కూలబడ్డాడు.

"పాలిషింగ్‌ల రంగు కలిపిన. రెండు సీజన్లు. పసుపు నిగనిగలాడాలంటరు బయటి వ్యాపారులు. అసలు పసుపు పొడి ఖర్చు కలిసొస్తదని... వానికి తెల్వదు. మంగళారం ఫోన్ జేసి రమ్మన్నడు. వచ్చేసరికి లైటు ఏసుకొని కూసున్నడు. గిలాసల గా సీసలది తేట పట్టి, మన మిల్లు పొడి చిటికెడు ఏసి చూపెట్టిండు. గంగాకిషన్ చెయ్యి రోజు ఎర్రగైతది, మనది ఎందుకు ఐతలేదు భోజన్నా అన్నడు."

"తరవాత?"

"రేపు పొద్దుగాల యార్డుల మైకు పట్టుకొని రైతులకు చెప్త అన్నడు. కాళ్ళు మొక్కిన. ఇనలే. మళ్ళ తొట్టి దిక్కు తిరిగి కూసున్నడు. చేపలను చూసుకుంట. నేనక్కడ లేనట్టే." భోజన్న మొహం ఆ పచ్చటి చేతుల్లో దాచుకున్నాడు. "చేతికి పైపు దొరికింది సార్."

ఎస్సై గంగాకిషన్ బేడీలు విప్పాడు. వాటినే భోజన్నకు వేసి బయటికి నడిపించాడు.

గంగాకిషన్ మణికట్లు రుద్దుకుంటూ తొట్టి వైపు రెండడుగులు వేశాడు. రత్నవ్వ వచ్చి వాడి రెక్క పట్టుకుంది.

"ఏడికి?"

"లైటు... రెండు రోజులైతుంది రత్నా. అంచులన్ని తెల్లగైనయి. నాలుగు రోజులు లైటు తగ్గించి పెడితె బతుకుతయేమో."

"తొమ్మిదేండ్లు దుబాయిల గాటినే చూసుకున్నవ్. నేనేమన్న అన్ననా? నిన్న రాత్రంత ఠాణా మెట్ల మీద కూసున్నది నేను. గవి కూసోలే. నడువు ఇంటికి."

గంగాకిషన్ తొట్టిని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. లైటు విషయంలో సేటు మాటే వినని మనిషి నోరు మూసుకుని తల ఊపాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"సార్, ముందుగాల తెల్లవి. జరసేపటికి నీలంవి. ఒక్కసారి బంద్ చేస్తె బెదురుతయి..."

"సార్ చూసుకుంటడు. నడువు," అంది రత్నవ్వ.

దేవరాజు తెల్లలైట్లు రెండూ ఆర్పాడు. కాసేపు ఆగి నీలంవి కూడా ఆర్పాడు. హాలు మసకబారింది. చేపలు రాళ్ళ సందుల్లోకి దూరాయి.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. ఇద్దరూ రోడ్డు మీదికి పోతున్నారు. రత్నవ్వ వాడి రెక్క ఇంకా వదల్లేదు.